కెంపమ్మ పెట్టిన వాత

నా చెల్లెలు హేమావతి రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలాక మాకు మిగిలిన ఆశ ఒక్కటే, అది చంకలోకి ఎక్కలేదని. చింతామణిలో తీసిన స్కాన్‌లో చంక బాగానే ఉంది. ఆపరేషన్‌కు ముందు చిక్కబళ్ళాపురంలో మళ్ళీ స్కాన్ తీస్తున్నారు. డాక్టర్ భాను ఎడమ చంకలో స్కాన్ పరికరాన్ని నొక్కి తిప్పుతూ, తెర చూస్తూ, ఒకేచోట రెండుసార్లు కొలత తీసింది.

"ఈడ గ్రంథులు ఉబ్బిండాయమ్మా. రోగం ఎక్కింటే ఇప్పుడు ఆపరేషన్ లేదు, ముందు కీమో. కానీ ఇంత బిరీన ఎట్ల మారె? చేతికి ఆ గుడ్డ ఏంటిది?"

"కుక్కర్ ఆవిరి తగిలింది" అంది హేమ. నాకూ పొద్దున అదే చెప్పింది.

డాక్టరు గుడ్డ విప్పింది. విప్పుతుంటే చర్మం కూడా ఊడొచ్చింది. హేమ గావుకేక పెట్టింది. మోచేతి కింద కొడవలి మందాన వాతలు, చీము కారుతున్నాయి. అప్పుడు హేమ నిజం చెప్పింది.

హేమ అత్త కెంపమ్మ వాళ్ళ ఊరు చాకవేలులో దూడలకు వాపొస్తే వాత పెడుతుంది. గడ్డ ఉన్న పక్క చేతికి వాత పెడితే రోగం పైకి పాకదని కోడలికీ కొడవలి కాల్చింది. హేమ ఒప్పుకోలేదు. మొగుడు మునినారాయణ దాన్ని వాకిట్లో బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి, నోట్లో తువ్వాలు కుక్కాడట. మనుషులా వీళ్ళు!

బయట వాడు తాపీగా టీ తాగుతున్నాడు. చెప్పు తీసి మొహం మీద కొట్టాను. వేడి టీ చొక్కా మీద ఒలికి గంతులేశాడు. ఇంకా కొట్టేదాన్నే, నర్సులు పట్టుకున్నారు.

"పుండుకైనా గ్రంథులు ఉబ్బుతాయి. సూదితో తీసి పరీక్ష చేస్తే కానీ తెలీదు" అంది డాక్టరు.

ఫలితం వచ్చేదాకా హేమను ఆస్పత్రిలోనే ఉంచారు, నాకు అన్నం దిగలేదు. వచ్చింది. గ్రంథుల్లో క్యాన్సర్ లేదు, ఆ వాపు పుండు వల్లే. పుండు మానాక ఆపరేషన్ చేస్తామన్నారు. నేను హేమను పట్టుకుని ఏడ్చేశాను.

మునినారాయణ మాత్రం మీసం దువ్వుకున్నాడు.

"చూస్తిరా! మాయమ్మ వాత పెట్టింది కాబట్టే రోగం ఎక్కలేదు. ఇంగోటి పెడితే ఆపరేషనే వద్దు. లెయ్యే, ఇంటికి పోదాం" అంటూ హేమ పుండు చెయ్యి పట్టి గుంజాడు.

హేమ కుడిచేత్తో పక్కనున్న స్టీలు అన్నం క్యారియర్ ఎత్తి వాడి మూతి మీద వేసింది. వాడు తూలగానే మళ్ళీ వేసింది. పన్ను ఊడి నేల మీద పడింది. నోటి నుంచి రక్తం కారుతుంటే వాడు "అమ్మా" అంటూ గోడకు జారగిలబడ్డాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా?"

"ఈయప్పకు నోట్లో రోగముండాది సిస్టర్. పైకి పాకకుండా వాత పెట్టినా" అంది హేమ. ఇంకా ఒగరుస్తూనే పుండు చెయ్యి ముందుకు చాపింది. "దీనికి కట్టు కట్టండి. ఇది మానాల. నేను ఇంటికి పోను."