పదిహేడు పేర్ల పెన్‌డ్రైవు

స్వర్ణముఖి వరదకు ఊరి వంక మీది పాత కల్వర్టు కొట్టుకుపోయి రెండేళ్ళయింది. కల్వర్టు ఉన్నచోట కొత్త వంతెన లేచింది. వేసిన రంగు ఆరి నాలుగు నెలలైంది. అయినా దాని మీద కాకులు తప్ప ఎవరూ నడవలేదు. కాంట్రాక్టరు రెండు కొసల్లోనూ సిమెంటు తూములు దొర్లించి అడ్డం పెట్టాడు. ప్రారంభోత్సవం కాలేదు కదా, మనుషులు తొక్కితే వంతెన మైలపడుతుందేమో.

గోవిందస్వామి శిలాఫలకాలు చెక్కే మనిషి. చంద్రగిరి రోడ్డులో ఆయనకో రేకుల షెడ్డు ఉంది. బడికి పోయింది మూడేళ్ళే. అక్షరాలు రాతి మీదే నేర్చుకున్నాడు. చుట్టుపక్కల ఏ బోరు తెరిచినా, ఏ గదికి తాళం తీసినా ఆ రాయి ఆయన చేతిదే. కొన్ని బోర్లలో నీళ్ళు పడలేదు. రాళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయన భార్య రుక్మిణమ్మ వంకకు ఆవలి ఒడ్డున బడిపిల్లలకు వంట చేస్తుంది. రోజూ గుడ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని, చీర ఎగ్గట్టి, కొత్త వంతెన నీడలోనే మోకాటి లోతు నీళ్ళు దాటేది. వానలు ముదిరితే ఆ నీళ్ళు నడుము దాటుతాయి. రోజూ ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటానని హెడ్‌మిస్ట్రెస్ ముందే చెప్పేసింది.

"వంతెన ఎప్పుడు తెరుస్తారయ్యా?" అని అడిగేది ఆమె.

"రాయి కావాల."

"రాయి ఎప్పుడైతాది?"

"పేర్లు రావాల."



పేర్లు రావలసింది పెన్‌డ్రైవులో. రాతి మీద ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అన్నది హైదరాబాదులో మంత్రిగారి పేషీ వాళ్ళు తేల్చి, అందులో వేసి పంపాలి. తిరుపతిలో రూపేష్ తన డీటీపీ షాపులో వాటిని పెద్ద అక్షరాలుగా ప్రింటు తీస్తాడు. ఆ కాగితాన్ని రాతికి అతికించుకుని గోవిందస్వామి చెక్కుతాడు.

"కాగితం మింద రాసిస్తే సాలదా సార్?" అని ఆయన రోడ్ల ఆఫీసు ఏఈ రఘునాథ్‌ను ఒకసారి అడిగాడు.

"కాగితాల కాలం పోయింది పెద్దాయనా. మెయిల్లో పంపితే తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. ఇంక పెన్‌డ్రైవే గతి."

ఆఫీసు అటెండరు మునస్వామి పెన్‌డ్రైవును లోపలి జేబులో పెట్టుకుని హైదరాబాదు రైలెక్కాడు. నాలుగో రోజున తిరిగొచ్చాడు. ఏఈ, అటెండరు, రాళ్ళాయన ముగ్గురూ పెళ్ళిచూపులకు పోయినట్టు రూపేష్ షాపుకు పోయారు.

"ఆడ ఉండేది ఆపిల్ కంప్యూటరంట సార్," అన్నాడు మునస్వామి. "మనం పంపినదాన్ని అది సదవతాదంట గానీ అందులో రాయదంట. అందుకని వాళ్ళు దీన్ని వాళ్ళ మాదిరిగా మార్చుకుని పేర్లు ఎక్కించినారు."

రూపేష్ పెన్‌డ్రైవు గుచ్చాడు. తెర మీద ఒక ప్రశ్న లేచింది. ఈ డిస్కు ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చెయ్యమంటావా? కింద రెండు మీటలు, 'ఎస్', 'నో'.

"సార్, చెయ్యి పెట్టొద్దు..." అని రూపేష్ అంటూనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎవరు ఏమడిగినా రఘునాథ్ రెండో జవాబు చెప్పి ఎరగడు. మౌసు మీద ఆయన వేలు దానంతటదే 'ఎస్' నొక్కేసింది.

తెర మీద ఆకుపచ్చ గీత చివరిదాకా పాకింది. పెన్‌డ్రైవు కడిగిన గిన్నెలా అయింది.

"లోపల ఏమీ లేదే!" అన్నాడు రఘునాథ్.

"యాడుంటాది సార్? తుడిసేయమంటావా అని అడిగింది. తుడిసేయమన్నారు." రూపేష్ తల పట్టుకున్నాడు. "ఒకాయన సామి మొగానికి తెంగలై నామం పెట్టి పంపితే ఇంకొకాయన దాన్ని తుడిసి వడగలై నామం పెట్టినట్టుండాది మీ కత. నామం మారేది సరే, తుడిసినప్పుడల్లా మొగమే పోతాండాది."

"ఇప్పుడెట్లా?"

"రెండు కంప్యూటర్లకూ ఒప్పుదలైన ఫార్మాటు ఒకటుండాది. ఫ్యాట్ థర్టీటూ అంటారు. ఆపిల్లోనూ రాస్తాది, మన దాంట్లోనూ తెరుసుకుంటాది. మరీ పెద్ద సినిమా పట్టదు గానీ, మీ మంత్రుల పేర్లకు బ్రహ్మాండం."

"ఆ పని ముందే సేసుండొచ్చు గదప్పా?" అన్నాడు గోవిందస్వామి.

"ముందు నన్ను అడిగిందెవురు మామా? ఈ సార్లకు పెన్‌డ్రైవంటే తాళంచెవుల గుత్తికి యాలాడేసుకునేది."

రఘునాథ్ కిటికీలోంచి రోడ్డు చూశాడు. రూపేష్ నిమిషంలో పని ముగించి, అక్కడ ఎవరూ మళ్ళీ ఫార్మాట్ చెయ్యకుండా చూసుకోమని మునస్వామితో రెండుసార్లు చెప్పి పంపాడు.

ఈసారి వారం పట్టింది. పెన్‌డ్రైవు గుచ్చగానే తెరుచుకుంది. పదిహేడు పేర్లు, ఒక్క అక్షరం చెదరలేదు. వంతెన కట్టిన మేస్త్రి పేరు అందులో లేదు, అది ఎప్పుడూ ఉండదు. గోవిందస్వామి ప్రింటు చుట్ట చంకన పెట్టుకుని షెడ్డుకొచ్చి, కుప్పం నల్లరాయి తుడిచి, కాగితం అతికించాడు. ఉలి తీసేలోగా షెడ్డు ముందు జీపు ఆగింది.

"పెద్దాయనా, రాయి ముట్టుకోవద్దు!" అంటూ దిగాడు రఘునాథ్. "పదో పేరాయన తనను తొమ్మిదిలో పెట్టకపోతే రానంటున్నాడు. తొమ్మిదో ఆయన దిగనంటున్నాడు. లిస్టు రద్దు."

"మళ్ళా ఎప్పుడు?"

"మంత్రిగారు విదేశాలకు పోయినారు. వచ్చినాక కూర్చుని తేలుస్తారు. దీపావళి దాటతాది."

"వంక పొంగతాండాది సార్."

"నేనేం చేసేది? పైనుంచి రావాల కదా." జీపు పోయింది.

ఆ సాయంకాలం రుక్మిణమ్మ తడిసిన చీరతో వచ్చి గుమ్మంలోనే కూలబడింది. మోచేయి చీరుకుపోయి ఉంది.

"పొద్దున పోతావుంటే కాలు జారింది. గుడ్లన్నీ వంకలో పోయినాయి. పిల్లోళ్ళకు వట్టి పప్పన్నం పెట్టినా. రేపు కూడా ఇట్లే వస్తే ఎల్లుండి నుంచి రావద్దని చెప్పేసింది ఆ యమ్మ."

గోవిందస్వామి కొబ్బరినూనె తెచ్చి ఆమె మోచేతికి రాశాడు.

"పేర్లు వచ్చినాయా?" అంది ఆమె.

"పదిహేడు పేర్లు వచ్చినాయి. మళ్ళా పోయినాయి."

"పదిహేడు మందిలో ఒక్కడన్నా ఈ వంకలో దిగినోడు ఉండాడా?"



మరునాడు తెల్లవారగానే గోవిందస్వామి గడ్డపార భుజాన వేసుకుని వంతెన దగ్గరికి నడిచాడు. వెనకాలే రుక్మిణమ్మ బుట్టతో వచ్చింది. ఈవలి కొసన ఉన్న తూములు ఒక్కొక్కటే పెకలించి పక్కకు దొర్లించాడు. వంతెన మీదుగా నడిచిపోయి ఆవలి కొసన ఉన్నవాటినీ దొర్లించాడు. అప్పటికే పాలక్యాన్ల సైకిళ్ళు నాలుగు వచ్చి ఈవల ఆగి ఉన్నాయి, ఎక్కొచ్చో కూడదో తెలియక. రుక్మిణమ్మ అప్పటికి వంతెన సగం దాటేసింది. గోవిందస్వామి గడ్డపార పిట్టగోడకు ఆనించి, రండన్నట్టు సైకిళ్ళ వైపు చెయ్యూపాడు.