ముప్ఫై ఆరు జతలు

కోడలికి మెడ పట్టేసింది. ల్యాప్‌టాప్ చిన్న తెర మీదకు వంగి రోజుకు తొమ్మిది గంటలు కోడు రాసి రాసి, ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషే మొత్తంగా తిరగడం మొదలుపెట్టింది. కంపెనీవాళ్లు మీటింగులో అది చూసి జాలిపడి, ఇంట్లో వాడుకోవడానికి రెండు మానిటర్లు కొనుక్కోమని కొంత ఇచ్చారు. ఆ కొంతలో రెండు రావాలంటే చవక రకాలే చూసుకోవాలి.

"ఏవి కొంటే మంచిది?" అని భర్తను అడిగింది.

"నాన్నని అడుగు," అని అతను స్నానానికి వెళ్లిపోయాడు.

మామగారు భూముల సర్వేయరుగా ముప్ఫై రెండేళ్లు చేసి రిటైరయ్యారు. ఒక గట్టును నాలుగుసార్లు కొలిస్తే గానీ కాగితం మీద సంతకం పెట్టి ఎరగరు. కోడలు నోరు తెరవడమే ఆలస్యం, టేపు జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు.

వీధి చివరి ఎలక్ట్రానిక్స్ షాపులో వాళ్లకు అందే ధరలో తొమ్మిది రకాలున్నాయి. మామగారు తొమ్మిదింటినీ కొలిచి, ఒక్కోదానికి ఒక్కో నంబరు చీటీ అంటించారు.

"ఒక్కోటి విడిగా బాగుంటే చాలదమ్మాయ్. పక్కపక్కన పెట్టుకుని రోజంతా చూడాల్సినవి. జత కుదరాలి," అన్నారు. "తొమ్మిదింట్లో రెండేసి తీస్తే ముప్ఫై ఆరు జతలు. జతకో రోజు ఇక్కడే కూర్చుని పనిచేసి చూడు."

"ఇక్కడా మామయ్యా?"

ఆయన గోడ మీది బోర్డు చూపించారు. 'ఎంతసేపైనా వాడి చూడండి, నచ్చితేనే కొనండి' అని షాపతనే రాయించుకున్నాడు. అతను ఆ బోర్డును తానే మొదటిసారి చదువుతున్నట్టు చదివి, లోపలికెళ్లి కుర్చీ తెచ్చాడు. కోడలికి కాదనాలనే ఉంది. కాకపోతే తల అడ్డంగా ఊపే స్థితిలో లేదు.

అలా మర్నాటి నుంచి ఆమె ఆఫీసు ఫ్రిజ్‌లకూ వాషింగ్ మెషీన్లకూ మధ్య మొదలైంది. పొద్దున తొమ్మిదికి మామగారు ఆ రోజు జతను బల్ల మీద పెట్టించి, రెండు తెరల పైఅంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో దారం లాగి చూసేవారు. గంటకోసారి వచ్చి, "కళ్లు మండుతున్నాయా? మెడ ఎలా ఉంది?" అని అడిగి పుస్తకంలో రాసుకునేవారు. ఒకటీ మూడూ కలిపితే ఒకదాంట్లో తెలుపు తెల్లగా, ఇంకోదాంట్లో పచ్చగా కనిపించింది. రెండూ ఏడూ కలిపితే ఏడో దాని స్టాండు పొట్టిదై, కింద పుస్తకాలు పేర్చాల్సి వచ్చింది.

నాలుగో రోజు వీడియో మీటింగులో మేనేజరు కాసేపు ఆమె వెనక వైపు తేరిపార చూశాడు.

"మీ ఇంట్లో ఐదు ఫ్రిజ్‌లున్నాయేంటండీ?"

"ఉమ్మడి కుటుంబం సార్," అంది కోడలు.

అతను గౌరవంగా తలాడించి పని మాటల్లోకి దిగాడు.

పదో రోజున ఒకావిడ వాషింగ్ మెషీన్ కొనడానికొచ్చి, కుర్చీలో కూర్చున్న మనిషే షాపు మనిషి అనుకుని, "ఇది మా ఇంటికి సరిపోతుందా?" అని అడిగింది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న కోడలు అదే క్షణాన సహోద్యోగితో, "ఒకదాని మీదే అంత లోడు వేస్తే ఎలా? రెండుగా విడగొట్టండి," అంది. ఆవిడ రెండు వాషింగ్ మెషీన్లు కొనుక్కుపోయింది.

ఆ సాయంత్రం షాపతను కోడలి కుర్చీకి దిండు వేశాడు. మర్నాడు ఆమె వైపు ఫ్యాను తిప్పాడు. రోజంతా ఒకమ్మాయి ఏకధాటిగా చూస్తున్న మానిటర్లంటే మంచివే అయ్యుంటాయని జనం అవే అడిగి పట్టుకుపోతున్నారు. గోదాములోంచి తెచ్చినవి తెచ్చినట్టే పోతున్నాయి.

ఇరవయ్యో రోజు ముగిసింది. ఇంక పదహారే మిగిలాయని కోడలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉండగా షాపతను రెండు పెట్టెలు మోసుకొచ్చాడు.

"కొత్త రకాలండీ. మీ ధరలోనే ఉన్నాయి."

మామగారి మొహం వెలిగిపోయింది. పుస్తకం తీశారు. "పదకొండయ్యాయన్నమాట. అంటే యాభై ఐదు జతలు. ఇరవై అయిపోయాయి, ఇంక ముప్ఫై ఐదు."

కోడలు ఇంటికొచ్చి మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకుంది. అత్తగారు వచ్చి పక్కన కూర్చున్నారు. సంగతంతా విన్నాక అడిగారు.

"ఇన్నాళ్లలో మెడ నొప్పి పెట్టనిది ఒక్కటైనా ఉందా?"

"ఐదో నంబరు బాగానే ఉంది అత్తయ్యా."

మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని అత్తగారే షాపుకు వచ్చారు.

"బాబూ, ఐదో నంబరువి రెండివ్వు."

షాపతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈ కుర్చీ ఖాళీ అయితే తన వ్యాపారం ఏం కావాలి? "ఐదో నంబరు అయిపోయిందండీ," అన్నాడు. అత్తగారు అతని మోచేతి కిందున్న పెట్టె మీది నంబరు చూశారు. అతను మోచెయ్యి తీశాడు. దాని కింద అదే నంబరుది ఇంకో పెట్టె కూడా ఉంది.

"అదే రకం రెండా?" అన్నారు మామగారు. పుస్తకం మళ్లీ తీశారు. "ఒకే రకం రెండు తీసుకోవచ్చన్న సంగతే నాకు తట్టలేదే. పదకొండు జతలు వదిలేశాను. మొత్తం అరవై ఆరు."

"మీరు చూసుకుంటూ ఉండండి. మేం వెళ్తాం," అన్నారు అత్తగారు.

ఆ సాయంత్రానికి రెండు తెరలూ ఇంట్లో బల్ల మీద పక్కపక్కన నిలబడ్డాయి. రంగులో తేడా లేదు, ఎత్తులో తేడా లేదు. వారం తిరిగేసరికి వెనకనుంచి ఎవరైనా పిలిస్తే కోడలు మెడ మాత్రమే తిప్పి పలికింది.

మామగారు మాత్రం మొదలుపెట్టిన కొలత మధ్యలో వదిలేయలేకపోయారు. రోజూ తొమ్మిదికల్లా షాపుకెళ్లి ఆ కుర్చీలో తనే కూర్చున్నారు. కోడు రాదు కాబట్టి, ఎప్పుడో పనిచేసిన ఆఫీసుకు పాత పొలం పటాల్లోని తప్పుల గురించి ఒంటివేలితో ఉత్తరాలు కొట్టారు. షాపతను బతికి బయటపడ్డాడు. పెద్దాయన చూస్తున్నవి కూడా బాగానే అమ్ముడుపోయాయి.

అరవై ఆరో జత అయిన రోజు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి నివేదిక చదివారు. మూడో పేజీకి అత్తగారికి కునుకు పట్టింది. కొడుకు లేచి స్నానానికి వెళ్లాడు. కోడలు చివరిదాకా విన్నది. అన్నింటిలోకీ మేలైన జత రెండూ పదకొండూ అని తేలింది. రెండో నంబరు తయారీ కిందటి నెలలోనే ఆగిపోయిందట, షాపులో ఉన్న ఆఖరుది కూడా అమ్ముడైపోయింది.

"మన ఐదో నంబరు జతకీ దానికీ ఎంత తేడా మామయ్యా?" అని అడిగింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని, నివేదికలో ఆ రెండు జతల పేజీలూ పక్కపక్కన పెట్టి చూశారు.

"చాలా తక్కువమ్మాయ్," అన్నారు. "కానీ ఉంది."