అద్దం కోసం ఆయిల్ పాన్

మా ఆయన రాండల్‌కి పెళ్లికి నన్ను ఎంచుకోవడానికి రెండు వారాలు పట్టింది. కారుకి ఆయిల్ పాన్ ఎంచుకోవడానికి మార్చి నుంచి జూన్ దాకా పట్టింది.

కారు మా నాన్నది. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో కొత్తగా కొన్న షెవెల్, క్లచ్ తొక్కి చేత్తో గేర్లు వేసే బండి. పోయేముందు నా పేర రాశాడు. అందులో ఒక్కసారి నది పక్క రోడ్డు మీదుగా ఐస్‌క్రీం కొట్టుదాకా వెళ్లి రావాలని నా కోరిక. ఆ కాస్త కోరికకి ఆరేళ్లు నిండాయి. ఒక ఏడు రంగు, ఒక ఏడు సీట్లు, మూడేళ్లు ఏవేవో తళుకులు. ఈ ఏడు ఇంజిన్ అడుగున నూనె నిలిచే గిన్నె, అదే ఆయిల్ పాన్, తుప్పుపట్టి కారడం మొదలెట్టింది.

మా ఓహియోలో వేసవంతా పాత కార్ల ప్రదర్శనలే. అడుగుభాగం కనబడాలని కారు కింద అద్దాలు పరుస్తారు. అరవై దాటిన మగాళ్లు బొజ్జల మీద బోర్లా పడుకుని ఆ అద్దాల్లోకి తొంగిచూసి నిట్టూరుస్తారు. పెళ్లాం మొహం అంత శ్రద్ధగా చూసినవాడు వాళ్లలో ఒక్కడుంటే ఒట్టు.

"లోతుది వెయ్యి బావా," అన్నాడు పక్కింటి లైల్, మా గరాజులో మూడో బీరు తెరుస్తూ. "క్రోముది. అద్దంలో ధగధగలాడిపోవాలి."

నేనప్పటికే కొలిచే టేపు పట్టుకుని కారు కింద దూరి వచ్చాను.

"అంత లోతుది వేస్తే మన వాకిలి దిగేచోటే గట్టుకి తగుల్తుంది. కారు రోడ్డెక్కదు," అన్నాను.

"రోడ్డెందుకెక్కాలే? ట్రైలర్ మీద తీసుకెళ్తాంగా!" అన్నాడు రాండల్.

"కారుని ఇంకో బండి మీదెక్కించి ఊరేగిస్తారా?"

"ఇంత మంచి కారుని ఎవరైనా నడుపుతారా చెల్లెమ్మా?" అన్నాడు లైల్ జాలిగా.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరుమూసుకున్నాను. ఆ మాత్రం బుద్ధితక్కువ నాకూ ఉంది.

క్రోము గిన్నె వచ్చింది, ఇద్దరూ కలిసి బిగించారు. జులైలో ప్రదర్శన. ఇంటి దగ్గర ట్రైలర్ వాలుబల్ల కింద చెక్కలు పేర్చి, కారుని తాడేసి పైకి లాగారు. ఆ చెక్కలు ఇంట్లోనే మరిచిపోయారు. మైదానంలో దింపబోతే వాలు ఎక్కువై, కారు సగంలో ఉండగా గిన్నె ట్రైలర్ అంచుకి కరుచుకుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

"నెమ్మదిగా! నెమ్మదిగా!" అని అరుస్తున్నాడు రాండల్, కారు అంగుళం కూడా కదలకపోయినా.

జనం మూగారు. గిన్నె సరిగ్గా వాళ్ల కళ్లెత్తున ఉంది. న్యాయనిర్ణేత టార్చి పట్టుకుని వచ్చాడు. ఏళ్ల తరబడి గడ్డిలో దేకిన మనిషి, ఆ పూట నిలబడే అంతా చూసి మురిసిపోయి, అందమైన అడుగుభాగానికి మొదటి బహుమతి మాకే రాసేశాడు. రాండల్ కళ్లు తుడుచుకున్నాడు. కారుని ఆరుగురు ఎత్తి దించారు. గిన్నెకి చారెడు సొట్ట.

ఇంటికొచ్చాడో లేదో మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఈసారి అల్యూమినియంది చూద్దామా, జోలీన్? పక్కకి రెక్కలున్నదైతే ఇంకా బావుంటుంది," అన్నాడు.

ఇంకో నాలుగు నెలలు! మర్నాడు నేనే ఊళ్లో విడిభాగాల కొట్టుకి వెళ్లి, పాత కొలతకి సరిపోయే మామూలు నల్ల గిన్నె, నూనె పీల్చే గొట్టం తెచ్చాను. మెకానిక్ రోస్కోని ఇంటికి పిలిచి బిగించమన్నాను. రాండల్ గరాజు గుమ్మంలో నిలబడి, ఎవరో పోయినట్టు చూశాడు.

"నల్లదా! అద్దంలో ఏం కనబడుతుందే?"

"అద్దం నువ్వే ఉంచుకో," అని తాళం తిప్పాను.

కారు గట్టు దాటింది. ఎక్కడా తగల్లేదు. నది పక్కన మూడో గేరు వేసేసరికి నాకు ఏడుపొచ్చింది, సిగ్గేమీ లేదు. వెనకాల రాండల్ తన ట్రక్కుకి ఖాళీ ట్రైలర్ తగిలించుకుని వస్తున్నాడు, కారు ఎక్కడైనా ఆగిపోతే మోసుకురావడానికి.

ఐస్‌క్రీం కొట్టు దగ్గర ఆగాను. అతనొచ్చి కారు కిందకి వంగి చూశాడు. నూనె చుక్క కారడం లేదు.

"నువ్వు తోలు ఇంటికి. ట్రక్కు నేను తెస్తాను," అని తాళం అందించబోయాను.

అతను తీసుకోలేదు.

"నాకు రాదే."

"ఏం రాదు?"

"క్లచ్చి. పెళ్లైన కొత్తలో మీ నాన్న ఒకసారి నేర్పబోయి నవ్వాడు. ఆ తర్వాత నేను ముట్టుకోలేదు."

గేరుబాక్సులో పళ్లెన్నో ఊరందరికీ చెప్పే మనిషి, నేల చూస్తూ నిలబడ్డాడు. నవ్వు వచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. ఆరేళ్లు! తన సిగ్గు దాచుకోవడానికి నా కారుని కట్టేశాడు.

"ఎక్కు," అన్నాను.

అతను తలొంచుకుని పక్క సీటు వైపు నడిచాడు.

"అటు కాదు రాండల్. ఇటు, స్టీరింగ్ దగ్గర."