సొంత ఏర్పాటు

...లేకపోతే ఆవిడ అసలు అక్కడ లేదేమో, తనకే అలా కనిపిస్తోందేమో. మూడు రోజులుగా సరిగ్గా నిద్రలేని కళ్లు దేన్నైనా చూస్తాయి. కౌంటరు వెనక కూర్చున్న ఉద్యోగిని అలా సర్దిచెప్పుకుని తల తిప్పేసుకుంది. తల మాత్రం మాట వినలేదు, మళ్లీ అటే తిరిగింది. నాలుగో స్తంభం పక్కన, కిటికీ వైపు కుర్చీలో, బూడిదరంగు శాలువా కప్పుకున్న పెద్దావిడ. ఒళ్లో సంచి. పొద్దున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే.

కిటికీ అవతల మంచు. మొన్నటి నుంచీ ఒక్క విమానం లేవలేదు. నూట నలభై మంది ఈ విమానాశ్రయం హాల్లో చిక్కుకుపోయారు. వాళ్లు మళ్లీ విమానం ఎక్కేదాకా తిండీ, పడకా చూడాల్సిన పూచీ కంపెనీది. దానికో జాబితా, ఆ జాబితాకో పద్ధతి. పేరు మైకులో మూడుసార్లు పిలవాలి. ఎవరూ పలక్కపోతే పేరుకెదురుగా 'సొంత ఏర్పాటు' అని గుర్తు పెట్టాలి. అంటే ఆ మనిషి తన దారి తాను చూసుకున్నట్టు. అక్కడితో కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

మొన్న మధ్యాహ్నం చివరికి పదకొండు పేర్లు మిగిలాయి. అప్పటికే ఆమె గొంతు బొంగురుపోయింది. జాబితా ఖాళీ అయిందా లేదా అని సూపర్‌వైజరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఆమె మైకు ఆపేసి, ఆ పేర్లను తన ఒళ్లోకి చదువుకుంది. ఒక్కొక్కటీ మూడుసార్లు, పద్ధతి తప్పకుండా. పదకొండు గుర్తులూ పెట్టేసింది. ఆ పదకొండు మందిలో పదిమంది నిజంగానే వెళ్లిపోయారు.

నిన్న ఆ పదకొండో మనిషి, ఈ పెద్దావిడ, కౌంటరు దగ్గరికి వచ్చింది. "రేపు సాయంత్రం మా తమ్ముడికి ఆపరేషనమ్మా. నా మొహం చూడందే లోపలికి వెళ్లనని మొండికేశాడు. వాడికి నేను తప్ప ఎవరున్నారు? నా పేరు ఇంకా పిలవలేదేం?"

ఉద్యోగినికి ఇప్పటికే రెండు మెమోలున్నాయి, మూడోది వస్తే ఇంటికే. "పిలుస్తామండీ, కూర్చోండి" అంది. ఆవిడ ఆ మాట నమ్మి వెళ్లి కూర్చుంది. అంతే, మళ్లీ లేవలేదు.

ఇవాళ పొట్లాలు పంచే మనిషి ఆ వరుసలోనే వచ్చాడు. ఆవిడకు ఇటుపక్క ఇచ్చాడు, అటుపక్క ఇచ్చాడు, మధ్యలో చెయ్యి ఆగలేదు. నేల తుడిచే యంత్రం ఆవిడ చెప్పుల అంచు దాకా వచ్చి వెనక్కి మళ్లింది. మనిషి కదిలితేనే వెలిగే దీపాలు కదా, ఆ స్తంభం దగ్గరిది ఎప్పుడు ఆరిపోయిందో.

గార్డును పిలిచి అడిగింది, ఆ పెద్దావిడ ఏమైనా తిన్నదా అని. అతను చేతిలోని తెరకేసి చూశాడు.

"అక్కడెవరూ లేరు చెల్లెమ్మా."

"తెరలో కాదన్నా, కళ్లతో చూడు."

"కళ్లకు జీతం ఇవ్వరుగా" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఒక్కసారైనా అటు తల తిప్పలేదు.

టీ కోసం లేచింది. సిబ్బంది గది అద్దం తలుపు ఆమెకు తెరుచుకోలేదు. ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకొచ్చింది, చెయ్యి ఊపింది. లోపల అందరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఒకమ్మాయి సరిగ్గా ఆమె మొహంలోకి చూసి, మళ్లీ కప్పు వైపు తిరిగింది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం ఎందుకు, తలుపు పాడైపోయి ఉంటుంది అనుకుంది. లేకపోతే తన పేరు కూడా ఎక్కడో, ఎవరో, ఒళ్లోకి చదివేసుకున్నారేమో. టీ తాగకుండానే వెనక్కి వచ్చేసింది.

మంచు కాస్త పలచబడింది. ఒక్క విమానానికి అనుమతి వచ్చింది. నలభై నిమిషాల్లో బయలుదేరుతుంది, మళ్లీ రెండు రోజులదాకా ఇంకొకటి లేదు. జాబితాలో మిగిలినవాళ్లందరికీ పోను, అందులో ఒకే ఒక్క సీటు ఖాళీ.

సూపర్‌వైజరు వచ్చాడు. "మనవాళ్లెవరూ మిగల్లేదుగా? ఆ సీటు వదిలేస్తున్నా."

"ఒక్క నిమిషం సార్."

"ఎవరికి?"

ఆమె జాబితాలో ఆ పెద్దావిడ పేరు వెతికింది. మూసేసిన పేర్ల మధ్య వెలిసిపోయిన అక్షరాలతో దొరికింది. నొక్కితే తెర అడిగింది: తిరిగి తెరవడానికి కారణం? కింద రెండు గళ్లు. ప్రయాణికురాలు ఆలస్యంగా వచ్చారు. సిబ్బంది పొరపాటు. మొదటిది నొక్కితే తనకు ఏ ఇబ్బందీ లేదు, కానీ ఆవిడకు సీటు రాదు. రెండోది నొక్కితే సీటు వస్తుంది. ఆ కిందే వివరం రాయమని ఒక ఖాళీ గీత ఉంది, పక్కన ఉద్యోగి నంబరు.

తల ఎత్తింది. నాలుగో స్తంభం దగ్గర చీకటి ఇంకాస్త చిక్కబడింది. అందులో శాలువా ఏదో, కుర్చీ ఏదో తెలియడం లేదు. ఇంకాసేపు ఇలాగే చూస్తూ ఉంటే నిజంగానే అక్కడ ఎవరూ ఉండరు. అప్పుడు రాయడానికి ఏమీ మిగలదు.

సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు.

ఆమె రెండో గడి నొక్కింది. ఖాళీ గీత మీద 'నేను పిలవలేదు' అని రాసి, పక్కన తన నంబరు వేసింది.