పది కిలోల లోపు

"దిగు తమ్ముడూ. తూచాల్సింది కంకరని, నిన్ను కాదు."

కిటికీ అద్దం జానెడు జరిపి ఆ మాట అని, ఆమె మళ్లీ సీట్లో సర్దుకుంది. కింద కాటా పలక మీద కంకర లారీ పొగ వదులుతూ నిలబడి ఉంది. డ్రైవరు ఒళ్లు విరుచుకుంటూ దిగాడు.

"చెప్పులు కూడా విప్పనా అక్కా?"

"చెప్పులు దాని కంటికి ఆనవులే. నీ పొట్ట మాత్రం ఆనుతుంది. పక్కకి జరుగు."

అతను నవ్వుతూ జరిగాడు. తెర మీద ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఇరవై ఎనిమిది వేల నాలుగు వందల అరవై దగ్గర ఆగాయి. ఆఖరి అంకె ఎప్పుడూ సున్నాయే. ఆ కాటాకు పది కిలోల లోపు లెక్క లేదు. అయిదుకు పైన ఉంటే పైకి వేస్తుంది, కింద ఉంటే వదిలేస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఆమె ఆ సున్నాని చూస్తూనే ఉంది. డ్రైవర్లందరికీ ఆమె కాటా అక్క. సొంత పేరు పెట్టి పిలిస్తే పలకడానికి ఆమెకే ఒక్క క్షణం పడుతుంది.

ఆమె కూర్చునే గది లారీ డ్రైవరు తలకు సమానమైన ఎత్తులో ఉంటుంది. ఎక్కడానికి పదకొండు ఇనుప మెట్లు. లోపల ఒక బల్ల, రెండు తెరలు, జల్లెడ ఊడిపోతే తీగతో బిగించిన ఫ్యాను. ఆమె కింద ఉన్నది కుర్చీ కాదు. మామూలు కుర్చీలు రెండు విరిగాక, ఆమె మొగుడు పాత లారీ సీటొకటి సంపాదించి, దానికి ఇనుప కాళ్లు అతికించి, నలుగురి చేత పైకి మోయించాడు. కాటా పక్కనే అతని పంక్చర్ల కొట్టు. మనిషి టైర్లు విప్పే కడ్డీలాగే ఉంటాడు, సన్నగా, పొడుగ్గా, కొద్దిగా వంగి.

ఆరేళ్ల కింద ఆమె నూట ఇరవై నాలుగు కిలోలు. ఆపరేషన్ చేసి కడుపుని అరటికాయంత మిగిల్చి కుట్టారు. ఏడాదిన్నర తిరిగేసరికి డెబ్బై ఆరుకు దిగింది. చక్కెర జబ్బు కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఒక సిమెంటు లారీ డ్రైవరు మెట్లెక్కి వచ్చి, ఆమె మొహంలోకే చూస్తూ, "కాటా అక్క సెలవులో ఉందామ్మా?" అని అడిగాడు. ఆ మాటకు ఆమె వారం రోజులు నవ్వింది. మొగుడికి చెప్పి నవ్వింది, అద్దంలో చూసుకుని నవ్వింది.

ఆ తర్వాత బరువు తిరిగొచ్చింది. పిలవకుండా వచ్చిన చుట్టంలా కాదు, ఊరెళ్లి ఇంటికొచ్చిన మనిషిలా తిన్నగా లోపలికే వచ్చింది. విందులు తిన్నదీ లేదు, ఆబగా మింగిందీ లేదు. టీలో ముంచిన బిస్కెట్టు రెండు లారీలకు ఒకటి. మెత్తనిది గనక జారిపోయేది. నెలకో కిలో, అర కిలో. పది లోపు పెరిగేదాన్ని పెరుగుదల అనుకునే అలవాటు ఆమె కళ్లకు లేదు. కళ్లు ఒప్పుకునేసరికి ముప్పై కిలోలు వచ్చి కూర్చున్నాయి. చక్కెర కూడా వచ్చింది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు ఒకసారి బజారులో ఎదురొస్తే ఆమె బియ్యం బస్తాల వెనక దాక్కుంది.

"నువ్వు వాటి వెనక దాక్కున్నావా, అవి నీ వెనక దాక్కున్నాయా?" అన్నాడు మొగుడు. ఆమె నవ్వలేదు. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆరో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకోనిదే మోకాళ్లు ఏడో మెట్టు ఒప్పుకోవు. పోయిన నెల కాటా యజమాని కింద నిలబడి అది చూశాడు. "కింద పనేమీ లేదమ్మా. ఎక్కలేకపోతే ముందుగా చెప్పు, ఇంకెవరినైనా చూసుకుంటాను," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కసిరి ఉంటే ఎదురు చెప్పేదేమో.

అలాంటప్పుడు ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఆపరేషన్ తర్వాత బరువు తిరిగొచ్చిన వాళ్ల కోసం కొత్త మందు పరీక్షిస్తున్నారు. వారానికొక సూది, ఏడాదిన్నర పాటు. ఎనభై మందినే తీసుకుంటారు. ముందు రెండు వారాలు, వాళ్లిచ్చిన చిన్న తూకం మిషను మీద రోజూ పొద్దున నిలబడి, అంకెని పుస్తకంలో రాయాలి. ఇంకో ఆపరేషన్‌కు ఆమె ఒంట్లో ఓపిక లేదని డాక్టర్లు తేల్చారు గనక, పదకొండు మెట్లు నిలవాలంటే ఆమెకు ఉన్న దారి ఇదొక్కటే. రాసిన పుస్తకం, మిషను పట్టుకుని ఇవాళ పదకొండింటికి రమ్మన్నారు.

తర్వాతి షిఫ్టు అమ్మాయి రాగానే ఆమె రెయిలింగు పట్టుకుని దిగింది. మొగుడు బండి తుడిచి పెట్టాడు.

"వెనక టైరులో గాలి కొంచెం ఎక్కువే కొట్టా."

"నన్ను చూసేగా?"

"రోడ్డుని చూసి."

ఆస్పత్రి మూడో అంతస్తులో తెల్లటి చిన్న గది. మొగుణ్ణి కింద బండి దగ్గరే ఉండమన్నారు. నర్సు ఆమెను తూచింది. నూట ఆరు పాయింట్ మూడు. తర్వాత పుస్తకం తెరిచి, ఒక పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఇదేంటమ్మా? పద్నాలుగు రోజులూ నూట పదేనా?"

"అవునమ్మా."

"ఎవరి బరువూ ఇలా కట్టేసినట్టు ఉండదు. అన్నీ నిన్న కూర్చుని ఒకేసారి రాసేశారు కదూ?"

"అయ్యో, లేదు. రోజూ ఆరింటికి ఎక్కా."

"మరి ఇప్పుడు చూస్తే నూట ఆరు వచ్చిందే?"

"ఆరంటే పదిగానేగా వేసేది." ఆమెకు తప్పెక్కడో అర్థం కాలేదు. "అయిదు దాటితే పైకి వేయాలి. మా దగ్గర అంతే."

నర్సు పెన్ను కింద పెట్టింది. తూచకుండా అంకెలు కల్పించి రాసిన పుస్తకం అయితే తీసుకోకూడదని రూలు ఉందని చెప్పింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గంటకు పాతిక లారీలు తూచే చేతులు అవి. వాటిని ఏం చేయాలో తోచలేదు. నర్సు లోపలికెళ్లి డాక్టరమ్మను తీసుకొచ్చింది. డాక్టరమ్మది చిన్న వయసు, జుట్టులో ఒక పెన్ను, జేబులో ఇంకొకటి.

"అసలు అంకెలు ఎక్కడైనా రాసుకున్నారా అమ్మా?"

"రాయలేదు. చెప్పమంటే చెప్తా."

"పద్నాలుగూ గుర్తున్నాయా?"

"లారీ నంబరు చూస్తే దాని ఖాళీ బరువు చెప్తానమ్మా. ఇవి ఉన్నవి పద్నాలుగేగా." ఆమె గోడ వైపు చూస్తూ, తెర చదువుతున్నట్టు మొదలుపెట్టింది. "బుధవారం నూట ఆరు పాయింట్ నాలుగు. గురువారం నూట ఆరు పాయింట్ రెండు. శుక్రవారం నూట అయిదు పాయింట్ తొమ్మిది..."

డాక్టరమ్మ సంచిలోంచి మిషను తీసి, అడుగున ఉన్న మీట నొక్కింది. ఎక్కిన ప్రతి బరువునూ అది దాచి పెట్టుకుంటుందని రోగులకు చెప్పరు. ఆమె ఒక్కో రోజూ చెబుతూ ఉంటే, డాక్టరమ్మ చూపుడువేలు ఒక్కో అంకె మీదా దిగుతూ వచ్చింది. పద్నాలుగూ కలిశాయి. నర్సు తనకు తెలియకుండానే ముందుకు వంగింది.

"కానీ ఇందులో పదిహేను ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "మొదటి ఆదివారం నూట ఆరు పాయింట్ ఒకటి, వెంటనే నూట అరవై ఒకటి పాయింట్ మూడు. ఇదెవరు?"

ఆమె మొహం చెవుల దాకా ఎర్రబడింది.

"మా ఆయన."

"ఆయన నూట అరవై కిలోలా?"

"అంత భాగ్యమా. ఇద్దరం కలిసి ఎక్కాం. ఈమధ్య మరీ చిక్కిపోయాడనిపించి చూశా."

"ఆయన్ని ఒక్కరినే ఎక్కించొచ్చుగా?"

"ఖాళీ బండి ఒకసారి, సరుకుతో ఒకసారి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయాలి. అలా తూచితేనే నాకు నమ్మకం కుదిరేది."

నర్సు మిషను పలక వైపు చూసింది. రెండు పాదాలకు సరిగ్గా సరిపోయేంత ఉంది. "ఇంత పలక మీద ఇద్దరు ఎలా నిలబడ్డారమ్మా?"

"నా పాదాల మీద ఆయన నిలబడ్డాడు," అంది ఆమె, కిటికీ వైపు చూస్తూ. "పడిపోకుండా పట్టుకున్నా."

ముందు నర్సు నవ్వింది. తర్వాత డాక్టరమ్మ జుట్టులోంచి పెన్ను తీసి, బల్ల మీద తల ఆనించి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. సిమెంటు లారీ రోజుల నవ్వు అది, పొట్ట కదిలే నవ్వు.

లెక్కకు మించిన ప్రతి అంకెకూ కారణం రాసివ్వాలని డాక్టరమ్మ ఒక తెల్ల కాగితం ముందుకు జరిపింది. ఆమె అయిదు గీతలు గీసి, రాసి, కింద సంతకం చేసి తిప్పి ఇచ్చింది. తర్వాత పుస్తకంలో ఒక్కో నూట పదినీ అడ్డంగా కొట్టి, పక్కన అసలు అంకె వేసి, తేదీ వేసింది. సున్నాలు లేని అంకెలు రాయడం కొత్త చెప్పులతో నడిచినట్టుంది.

ఆ పైన ఒప్పందం కాగితాలు చదివి వినిపించారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త నీళ్లు. ఎవరికేది వెళ్తుందో డాక్టర్లకూ తెలియదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు.

"ఏమైనా అడగాలా?" అంది డాక్టరమ్మ.

"నీళ్లే వచ్చినా వారంవారం తూస్తారా?"

"తూస్తాం. గ్రాములతో సహా రాస్తాం."

"ఒకవేళ పెరిగితే?"

"పెరిగిందనే రాస్తాం. మిమ్మల్నేమీ అనం."

ఆమె అన్ని పేజీల్లోనూ సంతకాలు చేసింది. పొట్ట పక్కన సూది చీమ కుట్టినంత సేపే పట్టింది. ఎనభై మందిలో ఆమె అరవై మూడో మనిషి. లిఫ్టు ఖాళీగా తలుపులు తెరుచుకుని ఉంది. ఆమె మెట్ల మీదుగా దిగింది, మెల్లగా, ఒక్కో అంతస్తులో ఆగి.

"తీసుకున్నారా?" అన్నాడు మొగుడు.

"తీసుకున్నారు."

"మందా, నీళ్లా?"

"వాళ్లకే తెలీదంట."

"మరెందుకా నవ్వు?"

"పోనీ బండి. దారిలో చెప్తా."

పై కిటికీలోంచి నర్సు చూస్తూ ఉండగా బండి గేటు దాటింది. వెనక కూర్చున్నామె ఏదో చెబుతోంది. ముందున్న మనిషి భుజాలు కదులుతున్నాయి. మలుపు దగ్గర బండి ఒకసారి ఊగి, సర్దుకుని, లారీల మధ్యలో కలిసిపోయింది.

నర్సు తర్వాతి మనిషిని పిలిచింది. ఫ్యాను గాలికి ఎగరకుండా పెన్ను బరువు పెట్టిన తెల్ల కాగితం బల్ల మీద అలాగే ఉంది. గుండ్రటి అక్షరాలు, గీతకొక వరుస: బండి, నేను. సరుకు, మా ఆయన. నిండు బరువు, నూట అరవై ఒకటి పాయింట్ మూడు. ఖాళీ బరువు, నూట ఆరు పాయింట్ ఒకటి. నికరం, యాభై అయిదు పాయింట్ రెండు.