కుడివైపు సింహం

ఉలి వెనకభాగంతో సింహం పొట్ట మీద తట్టి, చెంచయ్య చెవి ఆనించి విన్నాడు. బొయ్‌మంది. కాస్త పైన, జూలు కింద తట్టాడు. అక్కడా అదే చప్పుడు, ఎండిన సొరకాయ బుర్రను తట్టినట్టు. రాత్రి కురిసిన వానకు సింహం నోటి మూల నుంచి తుప్పు చార మరో జానెడు కిందికి దిగింది. తాంబూలం నమిలి కార్చినట్టుంది.

అతను వంగి కిందికి చూశాడు. సరిగ్గా సింహం నీడలో సుబ్బులు పూలగంప పెట్టుకుని మాల కడుతోంది. ఇరవై ఏళ్లుగా ఆమె చోటు అదే.

మార్కాపురం బజారులోని ఆ బట్టల దుకాణం మిద్దెకు పిట్టగోడ మీద నడుమ గజలక్ష్మి, అటూ ఇటూ రెండు సింహాలు. గజలక్ష్మినీ ఎడమవైపు సింహాన్నీ చేసింది చెంచయ్య తండ్రి రామసుబ్బయ్య. బెల్లపు నీళ్లు, కరక్కాయ రసం పోసి నూరిన సున్నంతో చేశాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి సింహాన్ని చూసినవాడు కాదు. పెంపుడు పొట్టేలును ఎదురుగా కట్టేసుకుని పని కానిచ్చాడు. అందుకే దానికి జూలు సింహానిదైనా చూపు మాత్రం పొట్టేలుదే. ఆ రోజుల్లో నాలుగు డబ్బులు చేసుకున్న ప్రతి వ్యాపారీ మిద్దె ముఖాన లక్ష్మినో, చిలకలనో, తుపాకీ పట్టిన సిపాయిలనో నిలబెట్టించుకునేవాడు. తర్వాత సిమెంటు వచ్చింది. గద్దలూ తామరపూలూ వచ్చాయి. ఆపైన అద్దాలు, రేకులు వచ్చి బొమ్మల పని అడుగంటింది. ఇప్పుడు చెంచయ్య చేతికి వచ్చేవి స్నానాల గదుల గచ్చులే.

కుడివైపు సింహం అతనిది. మిద్దెను ఆ పక్కకు పెంచినప్పుడు పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టమన్నారు. తండ్రి గిద్దలూరులో మరో పనిలో ఉన్నాడు. చెంచయ్యకు అప్పుడు ఇరవై రెండేళ్లు. తండ్రి సింహం కన్నా జానెడు ముందుకు దూకాలి తన సింహం, అంతే అతని పట్టుదల. గుండ్లకమ్మ ఏరు పొంగి ఇసుక బండ్లు ఆగిపోయాయి. గృహప్రవేశానికి అయిదు రోజులే ఉన్నాయి. ఊరి పక్క చవిటి వాగు నుంచి ఇసుక తెప్పించి సిమెంటులో కలిపేశాడు. ఉప్పు ఇసుక బొమ్మ లోపలి ఇనుప కడ్డీలను తింటుందని అతనికి తెలుసు.

గిద్దలూరు నుంచి వచ్చిన తండ్రి సింహం చుట్టూ తిరిగి చూశాడు. పాదం మీద వేలు రుద్ది నాలుకకు తాకించుకున్నాడు.

"ఉప్పగుందేందిరా?"

"నా చెమట నాయనా."

రామసుబ్బయ్య వేలు పంచెకు తుడుచుకుని దిగిపోయాడు. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ మిద్దె వైపు తలెత్తి చూడలేదు.

చెంచయ్య నిచ్చెన దిగాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం బరువుగా ఉంది. తన ఊరు తర్లుపాడు నుంచి ఆటోలో ఇరుక్కుని వచ్చినందుకేమో అనుకున్నాడు. దుకాణం యజమాని ప్రకాశరావు గల్లా ముందు అగరొత్తులు వెలిగిస్తున్నాడు.

"శెట్టిగారూ, లోపల కడ్డీలను తుప్పు తినేసింది. నిలవదు. ఈ పొద్దే దింపేద్దాం."

"శ్రావణమాసం మేస్త్రీ! దుమ్ము లేపితే దుకాణంలోకి ఎవురొస్తారు? పగులుకు పుట్టీ పెట్టి రంగెయ్, అంతే. నలభై ఏండ్లు నిలబడింది, ఈ పొద్దే పడతాదా?"

కారణం చెప్పాలని చెంచయ్య నోరు తెరిచాడు. చెప్పకుండానే ఉలి మొలలో దోపుకున్నాడు.

బయటికొచ్చి సుబ్బులు ముందు నిలబడ్డాడు. గంపలో మల్లెల మీద గోరంత సిమెంటు పెచ్చు పడి ఉంది. ఆమె దాన్ని ఏరి పారేసింది.

"సుబ్బులూ, గంప ఎత్తుకుని ఎదురు పక్కకు పో."

"ఎదురుగా ఎండ కదన్నా! పూలు వాడిపోతే నువ్వు కొంటావా?"

"ఆ సింహం పడతాది."

"రోజూ చెప్తానే ఉండావు. అది నిన్నూ నన్నూ సాగనంపుతాది, పో!"

చెంచయ్య గొంతుక్కూర్చున్నాడు. ఆమె కళ్లల్లోకి చూడకుండా, గంప అంచు పట్టుకుని చెప్పాడు.

"దాన్ని ఉప్పు ఇసుకతో చేసినానమ్మా. తెలిసే చేసినా. మా నాయనకు కూడా అబద్ధం చెప్పినా. నువ్వు ఈడ కూర్చున్నప్పటి నుంచి, బస్సు పోయి గోడ అదిరినప్పుడల్లా నాకు గుండె ఆగినట్టు అయితాది."

సుబ్బులు చేతిలో దారం ఆగిపోయింది. తలెత్తి సింహాన్ని చూసింది. ఆపైన అతన్ని చూసింది. గంప నెత్తికెత్తుకుని రోడ్డు దాటింది.

మధ్యాహ్నం ప్రకాశరావు భోజనానికి వెళ్లాడు. చెంచయ్య దుకాణం ముందున్న బల్లలు అడ్డంగా లాగి, ఎర్రగుడ్డ కట్టి, ఆ పక్కకు ఎవరూ రాకుండా చేశాడు. బొమ్మ తీశాక గోడ మీద మిగిలే గాయాన్ని పూడ్చడానికి ఇనుప బాండ్లిలో సిమెంటు కలిపి తాపీని అందులోనే నిలబెట్టాడు. ఈసారి ఇసుకను నాలుక మీద వేసుకుని చూసి మరీ కలిపాడు.

సింహం మెడకు మోకు వేసి లోపలికి లాగాడు. తల అలవోకగా ఊడి మిద్దె మీద పడింది. లోపల కడ్డీ ఉండాల్సిన చోట ఎర్రటి పొడి మిగిలింది. మొండేనికి మోకు మార్చబోతుండగా కింద ఏదో లారీ వెళ్లింది. పిట్టగోడ సన్నగా మూలిగింది. మోకు తగలకముందే మొండెం ముందుకు ఒరిగి, నలభై ఏళ్లుగా దూకాలని చూస్తున్న చోటికి దూకేసింది.

దుమ్ము అణిగాక జనం మూగారు. సుబ్బులు కూర్చునే చోట నాపరాయి మూడు ముక్కలైంది. ఎవరికీ చిన్న దెబ్బైనా తగల్లేదు.

"చెంచన్నా! ఎవురికీ ఏం కాలేదు! దిగిరా!" రోడ్డు అవతల నుంచి సుబ్బులు కేక వేసింది. మళ్లీ పిలిచింది. ఆమే నిచ్చెన ఎక్కింది.

చెంచయ్య ఎడమవైపు సింహానికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. కుడిచెయ్యి ఎడమ భుజం మీద ఉంది. ఆమె కేక అతనికి చేరిందో లేదో ఎవరూ చెప్పలేరు. సుబ్బులు అతని కళ్లు మూసి, కొంగుతో ముఖం మీది సిమెంటు దుమ్ము తుడిచింది.

సాయంత్రం శవాన్ని దించి తర్లుపాడుకు తీసుకుపోయారు. మిద్దె మీద సామాన్లు సర్దడానికి వెళ్లిన దుకాణం పనివాళ్లు బాండ్లిని ఎత్తలేక వదిలేశారు. సిమెంటు రాయిలా బిగుసుకుంది, నడుమ తాపీ నిటారుగా నిలబడి ఉంది.