కన్నార్పని మనిషి

పట్టాభి వ్యాను అద్దం మీది మంచు గీకుతూనే పదిసార్లు వాచీ చూసుకున్నాడు. అరోరా ఊళ్ళో వృద్ధుల డే సెంటర్‌కి ముసలివాళ్ళను చేరవేసే డ్రైవరతను. తనకూ అరవై ఎనిమిది. లోపల ఎనభై ఆరేళ్ళ ఆంటన్, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, మోకాళ్ళాడిస్తూ కూర్చున్నాడు.

"టుడే లాస్ట్ డే, పట్టాబీ."

ఎన్నికల చీటీ మీద ఎప్పుడూ ఒకే పేరుండే దేశం ఆంటన్‌ది. అక్కడ నలభై రెండేళ్ళు ట్రాక్టర్లకు చక్రాలు బిగించి, కూతురి వెంట ఇక్కడికొచ్చాడు. ఇప్పుడక్కడ ఉయ్యాలల కంటే చేతికర్రలెక్కువ. పనిచేసే చేతులు తగ్గాయి, ఖజానా ఎండింది, పింఛన్లు కోశారు. ముసలివాళ్ళు నడివీధిలో నిలబడ్డారు. కుర్రాళ్ళ రాళ్ళకు జంకని సర్కారు ఆ చేతికర్రలకు జంకి కోత ఆపింది. కక్ష మాత్రం ఆపలేదు. ఏటా ఫోను ముందు బతికున్నట్టు రుజువు చూపకపోతే పింఛను బందు. ఈ ఏటి గడువు ఇవాళే. అక్కడ మంచాన పడ్డ చెల్లెలికి ఆ పింఛనుతోనే మందులు.

సెంటర్ చేరగానే, అక్కడ పనిచేసే భవిత ఆంటన్ ముఖం ముందు ఫోను ఎత్తి పట్టుకుంది. "కళ్ళు బ్లింక్ చెయ్యాలంట, అంకుల్. టూ టైమ్స్ ఫెయిల్ అయింది. ఇంకోసారైతే లాక్!"

ఆంటన్ ఊపిరి బిగించి గుడ్లప్పగించాడు. వాళ్ళ దేశంలో సర్కారు కెమెరా ముందు రెప్ప వేస్తే ఏదో దాస్తున్నట్టేనట. జన్మంతా అలవాటైన భయం. ఎంత చెప్పినా రెప్ప వాలదే!

"ఆంటన్! మా తాత వన్ తుమ్ము, నెక్స్ట్ విలేజ్ ఆల్ లైట్స్ ఆఫ్! పెళ్ళికొడుకు ఫ్లైయింగ్, గుర్రం ఓన్లీ స్టాండింగ్!" అంటూ నవ్వించబోయాడు పట్టాభి.

"అంకుల్, టైమ్ అయిపోతోంది!"

"హా... హాఛ్!" అని గోడలదిరేలా తుమ్మాడు పట్టాభి. ఆంటన్ ఉలిక్కిపడి, రెండు కళ్ళూ మూసుకుని పకపకా నవ్వాడు. ఫోను పచ్చగా వెలిగింది.

"నెక్స్ట్ ఇయర్ దాకా అలైవ్ అంట," అంది భవిత.

"విన్నావా? ఇక చావడానికి పర్మిషన్ లేదు నీకు!"

సాయంత్రం వ్యాను వెనక సీట్లో ఆంటన్ ఏదో పాట గొణిగాడు. ఆగ్డెన్ అవెన్యూ మలుపులో పాట ఆగింది. ఇంటి ముందు వ్యాను తలుపు తీసి, పట్టాభి చాలాసేపు ఆంటన్ మణికట్టు పట్టుకునే నిలబడ్డాడు.

అంబులెన్సు వెళ్ళాక భవిత ఫోన్ చేసింది. "ఆ పెన్షన్ యాప్‌లో పోయారని రిపోర్ట్ చెయ్యాలా, అంకుల్?"

"ఏడాది బతుకుతాడని వాళ్ళే రాసుకున్నారు కదమ్మా. మనమెందుకు కాదనాలి?" అన్నాడు పట్టాభి, వ్యాను వెనక తలుపు తీస్తూ.

వెనక సీటు మీద, తొక్క ఒకే చుట్టగా ఒలిచిన కమలాపండు. సగం తిని, మిగతా సగం కాగితం రుమాలులో పెట్టి, డ్రైవరు చేతికందేలా ముందుకు జరిపి ఉంది.